డాష్‌బోర్డులో ఓ ఖాళీ

మా రోజుల్లో కారు కొంటే పాట వచ్చేది కాదు, ఖాళీ వచ్చేది. డాష్‌బోర్డు నడిమధ్యన ఓ ప్లాస్టిక్ మూత, దాని వెనక చీకటి. ఆ చీకట్లో రేడియో పెట్టుకుంటాడా, టేపురికార్డరు పెట్టుకుంటాడా, మూత మీద వెంకటేశ్వరస్వామి పటం అంటించుకుని ఊరుకుంటాడా అన్నది కొన్నవాడి ఇష్టం. కంపెనీకి అక్కర్లేదు. ఆ మూత ఊడబెరికి, వెనకాల వైర్లు లాగి, బండి చేత పాడించడమే నా బతుకు. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక సందులో కొట్టు. 1981లో తెరిచాను, మోకాళ్ళు మొరాయించేదాకా నడిపాను. నా చేతుల మీదుగా ఎన్ని బళ్ళు గొంతు విప్పాయో లెక్క రాసుకోలేదు గానీ, నా ముంజేతుల మీద సోల్డరింగు ఐరన్ వాతలు లెక్కపెట్టుకోవచ్చు.

ఇప్పుడీ పాత గోడు ఎందుకంటే, మా మనవడు స్పోర్ట్సు కారు కొన్నాడు.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా అబ్బాయి ఇల్లు. నేనూ మా ఆవిడా ఏప్రిల్లో వచ్చాం. వచ్చిన మర్నాడే మావాడి కారెక్కాను. డాష్‌బోర్డు అనేదే లేదు. మా ఇంట్లో టీవీ అంత అద్దం ఒకటి నిలబెట్టారు. పాటకీ అదే, ఏసీకీ అదే, చివరికి చల్లగాలి నా మొహం మీదికి తిప్పాలన్నా ఆ అద్దాన్నే బతిమాలాలి. "స్టీరియో నచ్చకపోతే ఎలా మారుస్తారా?" అన్నాను. "మార్చడం ఉండదు నాన్నా, అలవాటు పడిపోతాం" అన్నాడు. ముప్పై ఏళ్ళు స్టీరియోలు మార్చి పెట్టిన నేను కన్నకొడుకు నోట ఆ మాట వినాల్సి వచ్చింది.

తప్పు వాడిది కాదులెండి. 2018 మే నుంచి అమెరికాలో అమ్మకానికి తయారయ్యే ప్రతి కొత్త కారుకూ వెనక కెమెరా ఉండి తీరాలని చట్టం. పసిపిల్లలు బండి కింద పడకుండా పెట్టారు, మంచిదే. కెమెరా అన్నాక బొమ్మ చూడటానికి తెర కావాలి. తెర ఎలాగూ వచ్చింది కదా అని పాటా, దారీ, ఫోనూ, గాలీ అన్నీ దాని నెత్తినే పెట్టారు. ఆ పెట్టడంలో మా ఖాళీ కాస్తా పూడిపోయింది. ఇప్పుడా స్టీరియో పీకితే ఏసీ ఆగుతుంది, గడియారం ఆగుతుంది, డాష్‌బోర్డులో లేనిపోని ఎర్రదీపాలు వెలుగుతాయి. గోడకున్న పటం తీస్తే ఇల్లు కూలే కట్టుబడి ఏ మేస్త్రి నేర్పాడో!

మనవడి కారు అట్లాంటిది కాదు. 1992 మాజ్డా మియాటా. ఎర్రది, రెండే సీట్లు, గుడ్డ టాపు. లైట్లు వేస్తే బానెట్టులోంచి కప్ప కళ్ళలా పైకి లేస్తాయి. వాడు కాలేజీ సెలవుల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో కొన్నాడు. మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి, "టాపు తీసేస్తే గొడుగు పట్టుకుని కూర్చోవాలిట్రా?" అంది. నాకు మాత్రం చూడగానే నచ్చింది. 1989లో షికాగో మోటారు ప్రదర్శనలో దీన్ని తొలిసారి చూపించారట. పూర్వం ఇంగ్లీషువాళ్ళు చేసిన లోటస్ ఎలాన్ లాంటి చిన్న రెండు సీట్ల బళ్ళ మాదిరిగా జపానువాళ్ళు చేశారు, నూనె కారడం ఒక్కటీ నేర్చుకోకుండా. మన 'గీతాంజలి' సినిమా వచ్చింది కూడా ఆ ఏడే. అప్పట్లో బెజవాడలో నా కొట్టు ముందు నిలబడ్డ ప్రతి మారుతీలోనూ ఆ క్యాసెట్టే.

సీట్లో కూర్చుని చూద్దును గదా, డాష్‌బోర్డు మధ్యలో స్టీరియోకని విడిగా ఓ అర! అందులో తొంభైల నాటి క్యాసెట్టు డెక్కు, చచ్చి పడి ఉంది. నోట్లో ఓ క్యాసెట్టు ఇరుక్కుపోయి ఉంది, అన్నం ముద్ద మింగుతూ ప్రాణం పోయినవాడిలా.

"ఇది తీసేసి కొత్తది పెడుతున్నా తాతయ్యా. శనివారం. నువ్వు చూస్తూ ఉండు చాలు" అన్నాడు.

చూస్తూ ఉండాలట!

మేం ఈ పని ఎలా చేశామో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. చెప్పుకోదగ్గట్టుగానూ చెయ్యలేదు, అది వేరే సంగతి. మూతా, ఖాళీ ఉన్న కార్లు రాకముందు అంబాసిడర్‌కీ, ఫియట్‌కీ క్యాసెట్టు డెక్కు పట్టే చోటు ఉండేది కాదు. డాష్‌బోర్డు కింద ఇనప పట్టీ బిగించి, డెక్కును తలకిందులుగా వేలాడే గబ్బిలంలా కట్టేవాళ్ళం. ముందు సీట్లో కూర్చున్న పెద్దమనిషి మోకాలు దానికి కొట్టుకుంటే నన్ను తిట్టేవాడు. స్పీకర్లకు వెనక అద్దం కింద పలక మీద పెన్సిలుతో గీత గీసి, హ్యాక్‌సా బ్లేడుతో కోసేవాళ్ళం. లక్ష రూపాయల బండికి రంపం పెడుతుంటే ఓనరు మొహం చూడాలి, కన్నకూతురి చెవులు కుట్టిస్తున్నట్టు నిలబడేవాడు.

1983 డిసెంబరులో మారుతి వచ్చాక మా దశ తిరిగింది. ఆ తర్వాత వచ్చిన కార్లలో స్టీరియో ఖాళీకి వరసగా ఒకటే కొలత. జర్మనీవాళ్ళది, డిన్ అంటారు: వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. జపాను డెక్కయినా, సింగపూరు నుంచి ఎవరి సూట్‌కేసులోనో వచ్చిన డెక్కయినా, ఆ కంతలో దూరి టక్కున కూర్చునేది. ప్రపంచంలో ఎవడు చేసిన డబ్బా అయినా ఎవడి బండిలో అయినా పట్టాలని ఓ పద్ధతి పెట్టుకున్న కాలం అది. ఇప్పుడు మీ ఫోను చార్జరు మా ఫోనుకు పట్టడానికే యూరపువాళ్ళు చట్టం చెయ్యాల్సి వచ్చింది.

అంతకు ముందు ఒట్టి రేడియోల కాలం ఇంకో తమాషా. రేడియోకు లైసెన్సు ఉండేది, పోస్టాఫీసుకు వెళ్ళి డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర వేయించుకుని బండిలో రేడియో పెట్టుకుంటే వినపడేది వార్తలు కాదు, ఇంజను. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టినప్పుడల్లా మీడియం వేవులో టకటకమని గోల. బండి వేగం పెంచితే గోలా వేగం పెంచుతుంది. అది స్పార్కు గోలా, డైనమో గోలా అని చెవితోనే పట్టాలి. టకటకమంటే స్పార్కు, కుయ్యోమని సన్నగా రాగం తీస్తే డైనమో. కాయిల్‌కు బ్యాటరీ వైపున కండెన్సరు కట్టాలి. తెలియక రెండో వైపు, పాయింట్ల దగ్గర, కట్టామా, రేడియో సంగతి అటుంచి బండే ఎక్కిళ్ళు పెడుతుంది. గోల పోయి ఒక్కసారిగా విజయవాడ కేంద్రం స్పష్టంగా పలికితే, ఓనరు డబ్బు ఇవ్వడం మరచిపోయి పక్కనున్నవాణ్ణి వినమని పిలిచేవాడు.

ఇప్పుడేం చేస్తున్నారో తెలుసునా? ఎలక్ట్రిక్ కార్లలో మోటారు గోల ఏఎం రేడియోలో వినపడుతోందని, కొన్ని కంపెనీలు అసలు ఏఎం రేడియోనే పీకేశాయి. కండెన్సరు పెట్టి గోల తియ్యాల్సింది పోయి రేడియోనే తీసేశారు. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది.

శనివారం వచ్చింది. జూన్ ఎండ బెజవాడ ఎండకు తీసిపోలేదు. గరాజులో కుర్చీ వేసుక్కూర్చున్నాను. వాడు అట్టపెట్టె విప్పి కొత్త స్టీరియో నా చేతిలో పెట్టాడు. బరువు లేదు. క్యాసెట్టు లేదు, సీడీ లేదు, తిరిగేది ఒక్కటీ లేదు. ముందు మొహం, వెనక జానెడు కూడా లేని డబ్బా. మా కాలం డెక్కు ఒడిలో పెట్టుకుంటే పిల్లాణ్ణి పెట్టుకున్నట్టుండేది.

పెట్టె మీద పెద్దక్షరాలతో 50 వాట్లు ఇంటూ 4 అని రాసుంది. "రెండొందల వాట్లు తాతయ్యా" అన్నాడు గొప్పగా.

"వెనక ఫ్యూజు ఎంతుందో చూడు."

"పది ఆంపియర్లు."

"ఇంజను ఆన్‌లో ఉంటే బండిలో పద్నాలుగు వోల్టులు. పద్నాలుగు పదులెంత?"

"నూటనలభై."

"లోపలికి నూటనలభై పోతే బయటికి రెండొందలు ఎట్లా వస్తాయిరా? ఇదేమన్నా అక్షయపాత్రా?"

వాడు ఫోను తీసి ఏదో వెతికాడు. కాసేపటికి, "నిజంగా వచ్చేది ఒక్కో స్పీకరుకు ఇరవై వాట్ల దాకానే" అని ఒప్పుకున్నాడు. మా రోజుల్లోనూ ఇంతే. డబ్బా మీద పీఎంపీఓ అని రాసి వెయ్యి వాట్లనేవాళ్ళు. ఇన్నేళ్ళలో క్యాసెట్టు పోయింది, సీడీ వచ్చి పోయింది. ఈ అబద్ధం మాత్రం చెక్కుచెదరకుండా అట్టపెట్టె మీద అక్కడే కూర్చుంది.

"ముందు బ్యాటరీ మైనస్ తియ్యి" అన్నాను, పెద్దరికం కోసం. నేనే లేచి బానెట్టు ఎత్తాను. ఇంజను ఉంది, బ్యాటరీ లేదు. చుట్టూ చూశాను. వాడు నవ్వుతూ వెనక డిక్కీ తెరిచాడు. కుడివైపు మూల, చాప కింద దాచిన లంకెబిందెలా ఉంది బ్యాటరీ. బరువు ముందూ వెనకా సమంగా పంచాలని అక్కడ పెట్టారట. ముప్పై ఏళ్ళ అనుభవం అంతా ఆ బానెట్టు కింద పెట్టి మూసేసి, వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

డాష్‌బోర్డు మధ్య భాగాన్ని, స్టీరియో చుట్టూ ఉండే ఆ నల్ల పలకను, ఈ కారు పిచ్చివాళ్ళు సమాధి రాయి అంటారట. ఆకారం అలాగే ఉంది మరి. "శుభమా అని పాట పెట్టుకుంటూ ఆ మాటలేమిట్రా" అంది మా ఆవిడ, మజ్జిగ గ్లాసులు తెచ్చి. పైన గుండ్రటి గాలి గొట్టాలు రెండున్నాయి, గుడ్లగూబ కళ్ళలా. వాటిని పెకలించి తీస్తే వెనక స్క్రూలు. గేరు నాబు తిప్పి తీసి, మధ్య పెట్టె లేపి, తర్వాత ఆ పలక లాగాలి. వాడు గట్టిగా లాగబోయాడు.

"ఆగరా. ముప్పై ఏళ్ళ ప్లాస్టిక్, అప్పడంలా ఉంటుంది. బండి కాసేపు ఎండలోకి తొయ్యి. వేడికి మెత్తబడుతుంది, అప్పుడు లాగు."

పావుగంట ఎండలో పెట్టాక ఇడ్లీ రేకులోంచి ఇడ్లీ వచ్చినట్టు వచ్చింది. నా మొదటి పాయింటు.

ఇప్పటి పద్ధతి వాడు ముందే వివరించాడు. కారు పేరు, పుట్టిన ఏడు చెబితే ఆ కారు ప్లగ్గుకు అతికినట్టు సరిపోయే వైర్ల జడ ఒకటి పోస్టులో పంపుతారు. ఒక కొస కొత్త స్టీరియోకు, రెండో కొస కారు ప్లగ్గుకు. ఒక్క వైరు కొయ్యక్కర్లేదు. రేపు మళ్ళీ పాతది పెట్టాలంటే పెట్టేసుకోవచ్చు. బజారులో కొనే స్టీరియో వైర్ల రంగులకూ దాదాపు ప్రపంచమంతా ఒకే ఒప్పందం: పసుపు ఎప్పుడూ కరెంటుండేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. ఎడమ ముందు స్పీకరు తెలుపు, కుడి ముందుది బూడిద రంగు, వెనక ఎడమ ఆకుపచ్చ, వెనక కుడి ఊదా. నల్లచార ఉన్నది మైనస్. వాడు డైనింగు టేబులు మీద కూర్చుని రంగుకు రంగు కలిపి ఆ జడ అల్లేశాడు. పెళ్ళికూతురికి పూలజడ కుట్టినట్టు ముచ్చటగానే ఉంది. ఇందులో ఏ వైరు ఎందుకో తెలియాల్సిన అవసరమే లేదు, పసుపుకు పసుపు. ఒకటో తరగతి పిల్లాడు కూడా చేస్తాడు. ఆ మాటే పైకి అన్నాను కూడా.

వాడు పట్టించుకోకుండా పాత డెక్కు బయటికి లాగాడు. దాని వెనకాల చూసి ఇద్దరం కొయ్యబారిపోయాం.

ప్లగ్గు లేదు. ఎవడో మహానుభావుడు, తొంభైల్లో ఆ క్యాసెట్టు డెక్కు పెట్టినప్పుడు, కంపెనీ ప్లగ్గును కటింగు ప్లయరుతో మొదలంటా కత్తిరించేసి, వైర్లు మెలిపెట్టి నల్లటేపు చుట్టాడు. ఆ టేపు ఇప్పుడు తుమ్మజిగురులా కారుతోంది. పోస్టులో వచ్చిన జడ పెట్టడానికి తల లేకుండా పోయింది.

"ఎవడు తాతయ్యా వీడు? ఇలా ఎవరైనా చేస్తారా?" అన్నాడు మనవడు, ఏడుపొక్కటే తక్కువ.

నేను మజ్జిగ తాగుతూ ఊరుకున్నాను. ఎవడంటే ఏం చెప్పను? నేనే. ఈ టెక్సస్‌లో ఏ సందులోనో కొట్టు పెట్టుకున్న నేనే. బయట ఇంకో నాలుగు బళ్ళు నిలబడి ఉంటాయి, ఓనరు గడియారం చూస్తూ ఉంటాడు, కటింగు ప్లయరు చేతిలోనే ఉంటుంది. బెజవాడలో నేను కత్తిరించిన ప్లగ్గులు పోగేస్తే చాటెడు అవుతాయి. అంతకంటే పెద్ద తప్పూ చేశాను. ఒక అంబాసిడర్‌కు బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగి, ఇనప గోడ దాటేచోట రబ్బరు బుష్షు వెయ్యకుండా వదిలేశాను, ఫ్యూజూ వెయ్యలేదు. పది రోజులకు ఇనప అంచు వైరు తొక్క ఒలిచేసింది. ఏలూరు రోడ్డు మీద బండిలోంచి పొగ. డ్రైవరు తెలివైనవాడు కాబట్టి బ్యాటరీ వైరు పీకి బతికిపోయాడు, బతికించాడు. ఆ తర్వాత బ్యాటరీకి మూరెడు దూరంలోపు ఫ్యూజు లేకుండా నేను ఏ వైరూ లాగలేదు. ఇప్పటికీ పొగ వాసనొస్తే ముందు ఆ అంబాసిడరే గుర్తొస్తుంది.

"లేరా, నేను చూస్తాను" అన్నాను. మోకాళ్ళు వద్దన్నా వినకుండా కారులో తల దూర్చాను.

ఇక్కడ రంగులు పనికిరావు, కారు రంగులు వేరు. మైనస్ మళ్ళీ తగిలించి, వాడి మీటరుతో ఒక్కో వైరూ పట్టి చూశాం. తాళం లేకుండా పన్నెండు చూపించింది పసుపుకు. తాళం తిప్పితేనే లేచింది ఎరుపుకు. ఈ రెండూ తారుమారైతే పాట వస్తుంది గానీ, బండి ఆపినప్పుడల్లా స్టీరియో గడియారం, స్టేషన్లు అన్నీ మరచిపోతుంది, మా వయసువాళ్ళలా. ఎర్త్‌కు పాత వైరును నమ్మలేదు. డాష్‌బోర్డు లోపల ఇనప పట్టీ మీద రంగు గీకి తళతళలాడే ఇనుము కనపడ్డాక బిగించమన్నాను. సగం స్టీరియో రోగాలు ఎర్త్ దగ్గరే ఉంటాయి. అన్నట్టు ఈ దేశంలోనే కార్వెట్ అని ఇంకో స్పోర్ట్సు కారుంది, 1953 నుంచీ బాడీ అంతా ఫైబరు. దానికి బాడీ ఎర్త్ అన్న మాటే లేదు, కింద ఛాసిస్ దాకా వెళ్ళాలి. ఇనప బాడీ లేదు కాబట్టి స్పార్కు గోల ఆగక, డిస్ట్రిబ్యూటరు మీద రేకు తొడుగు వేసేవాళ్ళు. ఫైబరుతో లాభమూ ఉందండోయ్, మొదటి కార్వెట్లకు ఏరియలు బయటికి కనపడకుండా డిక్కీ మూతలోనే పొదిగేశారు. ఒక్కటి నా చేతికొస్తే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

స్పీకరు వైర్లకు మీటరు అక్కర్లేదు, పెన్సిలు సెల్లు చాలు. ఒకటిన్నర వోల్టు సెల్లును రెండు వైర్లకు తాకిస్తే ఏదో ఒక తలుపులో టక్కుమంటుంది. ఏ వైర్లు ఎడమవో, ఏవి కుడివో తెలిసిపోతుంది. మనవడి కళ్ళు మెరిశాయి. "మరి ప్లస్ ఏది, మైనస్ ఏది?" అన్నాడు. "తలుపు ప్యాడు ఊడదీసి స్పీకరు చూడాలి. సెల్లు తాకించినప్పుడు కోను బయటికి తన్నితే, సెల్లు ప్లస్ తాకిన వైరే ప్లస్." వాడు కుడి తలుపు ఒకటి విప్పి చూశాడు. ఎడమ తలుపు క్లిప్పులు విరుగుతాయని భయపడి, "అదీ ఇలాగే ఉంటుందిలే" అన్నాడు. నేనేమీ అనలేదు. చెబితే ఒకరోజు గుర్తుంటుంది, తనకే తగిలితే ఎప్పటికీ గుర్తుంటుంది.

వైర్లు కలపడం దగ్గర మాత్రం మాకు పోట్లాటే అయింది. నేను సోల్డరింగు అన్నాను. వాడు కాదు, రాగి గొట్టంలో రెండు వైర్లూ పెట్టి సాధనంతో నొక్కేస్తానన్నాడు. "నొక్కితే ఊడుతుందిరా" అన్నాను. "సోల్డర్ వేస్తే సీసం వైరులోకి పాకి, పాకిన చోట గట్టిపడి, బండి అదురుకు అక్కడే విరుగుతుంది తాతయ్యా. విమానాల్లో కూడా నొక్కుడే" అన్నాడు. నాకు కోపం వచ్చింది. కానీ కోపంలోనే గుర్తుకొచ్చింది, లారీలకు నేను వేసిన జాయింట్లు ఎప్పుడూ సోల్డరు దగ్గర విరగలేదు, దాని పక్కన అరంగుళం అవతలే విరిగేవి. ఆ రోజుల్లో వైరు నాసిరకం అని తిట్టుకున్నాను. ఇన్నేళ్ళకు, అదీ పంతొమ్మిదేళ్ళవాడి నోట, అసలు సంగతి తెలిసింది. నొక్కమన్నాను.

డెక్కు కూర్చుంది. కింద మిగిలిన చోట చిన్న అర ఒకటి బిగించాడు, ఫోను పెట్టుకోవడానికి. తాళం తిప్పాడు. దీపాలు వెలిగాయి. పాట పెట్టాడు. పెట్టాడంటే, పెట్టి తీశాడు. ఒకటి పదిహేను సెకన్లు, ఇంకోటి పది సెకన్లు. పల్లవి నోరు తెరిచేలోపు మార్చేస్తాడు. పాటకు చరణం అనేదొకటి ఉంటుందని వీళ్ళకెవరైనా చెప్పారో లేదో! మా రోజుల్లో అరవై నిమిషాల క్యాసెట్టుకు రికార్డింగు సెంటరులో చీటీ రాసిచ్చి, రెండు రోజులు తిరిగి, తెచ్చుకున్న పాటను పూర్తిగా వినకపోతే డబ్బు దండగ.

"నాకు ఇటియ్యి. గీతాంజలి పెట్టు" అన్నాను.

నా కొట్లో టెస్టింగుకు రెండే క్యాసెట్లు. గొంతుకు ఘంటసాల భగవద్గీత, బేసుకు ఇళయరాజా. ఆ శ్లోకాల్లో గొంతు ముక్కులోంచి వచ్చినట్టుంటే స్పీకరు పారెయ్యాలి. ఇళయరాజా పాటలో బేసు గిటారు వేళ్ళు నడిచినట్టు వినపడకపోతే ఫిట్టింగు పారెయ్యాలి. గీతాంజలి మొదలైంది. గొంతుంది, వయొలిన్లున్నాయి. బేసు గిటారు లేదు. ఉంది, దూరంగా పక్కింట్లో వాయిస్తున్నట్టు.

"బ్యాలన్సు పూర్తిగా ఎడమకు తిప్పు." బేసు వచ్చింది. "కుడికి." వచ్చింది. "మధ్యకు." మాయం.

మనవడు నా మొహం చూశాడు. నేను ఎడమ తలుపు చూశాను.

ప్యాడు విప్పాం. ఒక క్లిప్పు విరిగింది, విరగనీ. సెల్లు తాకిస్తే కోను లోపలికి పోయింది. ఆ తొంభైల మహానుభావుడు ఎడమ స్పీకరు దగ్గర రెండు వైర్లూ తారుమారు చేశాడు. ఒక స్పీకరు గాలిని ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతోంది. ఇద్దరూ కలిసి బేసును చంపుతున్నారు. కీచుమనే సన్న స్వరాలకు అంతగా తెలియదు, లావు స్వరాలకే ఈ దెబ్బ. ముప్పై ఏళ్ళు ఆ కారు ఓనర్లు అందులో బేసు లేని పాట విన్నారన్నమాట. విని, అలవాటు పడిపోయి ఉంటారు.

వైర్లు మార్చి మళ్ళీ పెట్టాడు. ఇళయరాజా వేళ్ళు ఫ్రిస్కో గరాజులోకి నడిచొచ్చాయి. వాడు ఈసారి పాట మార్చలేదు. మావాడు లోపలి నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, చిన్నప్పుడు బడి వదిలాక కొట్టుకొచ్చి నిలబడ్డట్టే.

సాయంత్రం చల్లబడ్డాక టాపు దించి నన్నెక్కించుకుని నార్త్ టోల్‌వే ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే డెబ్బై మైళ్ళు. గాలి చెవుల్లో హోరుమంటోంది. పాట పెట్టే ఉందని దీపం చూసి తెలుసుకోవడమే తప్ప వినపడితే ఒట్టు. వాల్యూము పెంచాడు, హోరు ఇంకా పెద్దది. రోజంతా చేసిన పని, ఎర్త్ గీకిన పని, స్పీకరు వైర్లు మార్చిన పని, అంతా గాలికి పోసినట్టయింది.

"ఏమీ వినపడటం లేదేమిట్రా?" అని అరిచాను.

"రెడ్ లైట్ దగ్గర వినపడుతుంది తాతయ్యా!" అని అరిచాడు.

ఇంటికొచ్చాక చూస్తే పాత డెక్కును చెత్తబుట్టలో వేశాడు. తీసుకుని గరాజు బల్ల మీద పెట్టి మూత విప్పాను. ఇరుక్కున్న క్యాసెట్టును పట్టకారుతో నెమ్మదిగా లాగితే వచ్చింది. దాని మీద నీలం సిరాతో ఎవరిదో చేతిరాత, పన్నెండు పాటల చీటీ. ఒక పాట కొట్టేసి పక్కన ఇంకోటి రాశారు. మా రికార్డింగు సెంటరులో కూడా ఇలాగే కొట్టేసి రాసేవాళ్ళు, చోటు చాలక. లోపల బెల్టు తారులా కరిగి చక్రాలకు అంటుకుంది. మిగతా డెక్కంతా శుభ్రంగానే ఉంది. స్పిరిటుతో హెడ్డు తుడిచి, కొత్త బెల్టు వేసి, హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఒక వెంట్రుకవాసి తిప్పితే ఇప్పటికీ పాడుతుంది.

వచ్చే వారమే మా తిరుగు ప్రయాణం. మా ఆవిడ సూట్‌కేసు త్రాసు మీద పెట్టి ఇరవై మూడు కిలోలు సరిగ్గా తెచ్చింది. ఆ డెక్కు పెడితే ఇరవై నాలుగున్నర.

"ఏమండీ, ఈ చచ్చిన డబ్బా ఎందుకు? అక్కలిద్దరికీ చాక్లెట్లు తియ్యమంటారా?"

"బాదం పప్పు తియ్యి" అన్నాను. "నీ కుట్టుపని దారం కాస్త ఇటియ్యి."

కరిగిన బెల్టు కొలత తెలుసుకోవాలంటే చక్రాల చుట్టూ దారం తిప్పి చూడటమే. తిప్పి, కొస దగ్గర ముడి వేసి, కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకున్నాను. బెల్టు సాగి పట్టాలి గనక, ఈ దారం కంటే రవ్వంత పొట్టిది కొనాలి.